నవజాత శిశు వైద్యంలో ఒక పరిశోధకుడి ప్రచురణల జాబితాను చదవడం ఎలా?

ఒక వైద్య పరిశోధకుడి ప్రచురణల జాబితా చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని, చివరి పేజీకి వెళ్లి వరుస సంఖ్య ఎంతవరకు వచ్చిందో చూడడం. నూట ఎనభై అని కనిపిస్తే ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది, ఇరవై రెండు అని కనిపిస్తే తెలియకుండానే కొంత తగ్గుతుంది. నవజాత శిశు వైద్యంలో ఈ అలవాటు మనల్ని బాగా మోసం చేస్తుంది. న్యుమోనియాకు ఇచ్చిన యాంటీబయాటిక్ పనిచేసిందో లేదో కొద్ది రోజులలో తెలిసిపోతుంది. కానీ ఎనిమిది వందల గ్రాముల బరువుతో పుట్టిన బిడ్డకు మొదటి వారంలో ఇచ్చిన మందు మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది ఆ బిడ్డ నడిచి, మాట్లాడి, కొన్నిసార్లు బడిలో చేరిన తరువాత గాని తేలదు. అందువల్ల ఈ శాఖలో నిలకడగా పనిచేసినవారి జాబితాలో ముఖ్యమైన వ్యాసాల మధ్య ఏళ్ల తరబడి ఎడం ఉంటుంది. ఆ ఎడంలో ఏం జరిగిందో తెలుసుకోవడమే జాబితాను చదవడం.

గైడ్‌ను ఎంచుకోబోతున్న విద్యార్థికి, నియామక సంఘంలో కూర్చున్న సభ్యుడికి, నిధుల దరఖాస్తును పరిశీలిస్తున్న నిపుణుడికి, ఒక వైద్యుడి మాటను వార్తలో ఉటంకించే ముందు ఆయన అధికారం ఎంతటిదో తెలుసుకోవాలనుకునే విలేకరికి ఉపయోగపడేలా ఈ పద్ధతిని వివరిస్తున్నాను. దీనికి గణాంక శాస్త్రంలో పాండిత్యం అక్కరలేదు గాని, ఒక పూట తీరిక మాత్రం కావాలి.

ముందుగా మనిషిని గుర్తించాలి

వైద్య వ్యాసాల ఉచిత డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో 3 కోట్లకు పైగా వ్యాసాల వివరాలు ఉన్నాయి. అందులో ఒక ఇంటిపేరు, ఒక పొడి అక్షరం ఇచ్చి వెతికితే వచ్చేది ఒక మనిషి జాబితా కాదు, ఆ పేరు గలవారందరి ఉమ్మడి జాబితా. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేనే ఇద్దరు పరిశోధకులను ఒకరిగా లెక్కవేసి, పెద్దల ఎముకల వ్యాధుల మీద రాసిన పదకొండు వ్యాసాలను ఒక శిశు వైద్యుడి ఖాతాలో కలిపేశాను. సంస్థల పేర్లు సరిచూసేదాకా ఆ పొరపాటు బయటపడలేదు. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరుగుతుంది. పెళ్లి తరువాత ఇంటిపేరు మారినవారు, ఇంటిపేరు ఎక్కడ, అసలు పేరు ఎక్కడ అన్న విషయంలో జర్నల్ తికమక పడినవారు, ఒకచోట రెండు పొడి అక్షరాలతోనూ మరోచోట ఒక అక్షరంతోనూ రాసుకున్నవారు తమ పనిలో సగాన్ని కోల్పోయినట్టు కనిపిస్తారు.

ఈ చిక్కుకు అన్నిటికంటే నమ్మదగిన విరుగుడు ఆర్కిడ్ సంఖ్య. 2012లో మొదలైన ఈ ఏర్పాటులో ప్రతి పరిశోధకుడికి పదహారు స్థానాల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. పేరు మారినా, సంస్థ మారినా అది మారదు. అయితే ఆర్కిడ్ పేజీని నింపేది చాలావరకు ఆ పరిశోధకుడే కాబట్టి, అది ఖాళీగా ఉండడం అనర్హతకు గుర్తు కాదు, నిండుగా ఉండడం అర్హతకు హామీ కాదు. ఆర్కిడ్ లేని పాతతరం వారి విషయంలో పేరుతో పాటు సంస్థ, సహరచయితలు, విషయం అనే మూడింటినీ కలిపి వెతకాలి. పబ్‌మెడ్ విషయసూచికలో నవజాత శిశువు అన్న శీర్షిక పుట్టినప్పటి నుంచి ఒక నెల వయసు వరకు వర్తిస్తుంది. ఆ శీర్షికను జతచేసి వడకడితే ఉమ్మడి పేర్ల బెడద చాలావరకు తగ్గుతుంది. గూగుల్ స్కాలర్‌లో మాత్రం సదస్సుల సారాంశాలు, ఒకే వ్యాసపు రెండు మూడు ప్రతులు కూడా లెక్కలోకి వస్తాయి కనుక, అక్కడి మొత్తాన్ని పబ్‌మెడ్ మొత్తంతో పోల్చి ఎవరినీ అనుమానించకూడదు.

ఇంకొక మూల కూడా చూడాలి. ఈ శాఖలో పెద్ద ట్రయల్స్ పదుల ఆసుపత్రులలో జరుగుతాయి కాబట్టి, ప్రతి కేంద్రంలో శిశువులను చేర్చుకున్న వైద్యుల పేర్లు రచయితల వరుసలో కాకుండా అధ్యయన బృందం జాబితాలో ఉంటాయి. పబ్‌మెడ్ వీరిని సహకారులు అన్న విభాగంలో చూపిస్తుంది. రచయితగా నాలుగు వ్యాసాలే ఉన్న వైద్యుడు ఆరు అంతర్జాతీయ ట్రయల్స్‌లో సహకారిగా ఉంటే, రాత్రివేళ తల్లిదండ్రులతో మాట్లాడి అంగీకార పత్రం మీద సంతకం తీసుకున్న అనుభవం ఆయనకు ఉందని అర్థం. దరఖాస్తులలో ఈ సంగతి సాధారణంగా కనిపించదు.

రకాలుగా విడదీయడం

జాబితా ఖరారయ్యాక దాన్ని ఒక కాగితం మీద రకాలుగా విడదీయాలి. సంపాదకుడికి లేఖలు, ఒక్కొక్క బిడ్డ గురించిన కేస్ రిపోర్టులు, ఒక ఆసుపత్రి పాత రికార్డులను తిరగేసి రాసిన వ్యాసాలు, సమీక్షలు, ప్రయోగశాల పని, ముందుకు సాగే పరిశీలనలు, లాటరీ పద్ధతిలో బృందాలుగా విడదీసి చికిత్సలను పోల్చే ర్యాండమైజ్డ్ ట్రయల్స్, ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి కూర్చే క్రమబద్ధ సమీక్షలు, మార్గదర్శకాలు అన్నీ ఒకే జాబితాలో ఒకే రకం అక్షరాలతో అచ్చవుతాయి గాని, వాటి వెనుక ఉన్న శ్రమ ఒకటి కాదు. లేఖ ఒక సాయంత్రం పని. ట్రయల్ పదేళ్ల పని కావచ్చు.

అలాగని చిన్నవాటిని కొట్టిపారేయకూడదు. 1980లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ను (ఊపిరితిత్తుల గాలిగదులు మూసుకుపోకుండా ఉంచే పదార్థాన్ని) పదిమంది శిశువులకు ఇచ్చి లాన్సెట్‌లో ప్రచురించిన వ్యాసంలో పోల్చి చూసే బృందమే లేదు. అయినా ఆ పదిమంది పిల్లల ఊపిరి కుదుటపడిన తీరు తరువాతి దశాబ్దంలో జరిగిన ట్రయల్స్‌కు దారి వేసింది. చిన్న వ్యాసం తరువాత ఏమైంది అన్నదే ప్రశ్న. ఆ ఆలోచనను ఆ పరిశోధకుడు గాని మరెవరైనా గాని పెద్ద పరీక్షకు నిలబెట్టారా, లేక అది అక్కడే ఆగిపోయి, అటువంటివే మరో ఇరవై వచ్చాయా? రెండోది అయితే ఆ ఇరవైకి కలిపి ఒకటిగా విలువ కట్టడం న్యాయం.

ప్రయోగశాల నుంచి ఉయ్యాల దాకా ఒకే ప్రశ్న నడిచిన జాబితా కనిపిస్తే అక్కడ ఆగి చూడాలి. పుట్టుక సమయంలో ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న శిశువుల శరీరాన్ని చల్లబరచడం గురించి ఆలిస్టర్ గన్ చేసిన పని ఇందుకు మంచి ఉదాహరణ. 1997లో గర్భస్థ గొర్రెపిల్లల తలను చల్లబరిస్తే మెదడు కణాలు నిలిచాయని వ్యాసం, 1998లో శిశువులలో ఆ పద్ధతి భద్రమేనా అని చూసిన చిన్న అధ్యయనం, 2005లో ఆయన కూడా భాగస్వామి అయిన కూల్‌క్యాప్ అనే బహుళ కేంద్రాల ట్రయల్ వరుసగా వచ్చాయి. గొర్రెపిల్ల దగ్గర ఫలితం రాగానే చికిత్స దొరికిందని ప్రకటించకుండా, తరువాతి రెండు మెట్లూ ఎక్కిన ఓపిక ఆ తేదీలలోనే కనిపిస్తుంది.

ఒక జాబితాను దగ్గర నుంచి చూద్దాం

మాటల్లో చెప్పినదాని కంటే ఒక నిజమైన జాబితాను ముందు పెట్టుకుంటే పద్ధతి స్పష్టమవుతుంది. కెనడాలో పనిచేసిన బార్బరా ష్మిట్ జాబితాలో ఎన్నో వ్యాసాలు ఉన్నాయి గాని, వాటిలో మూడు ట్రయల్స్‌ను పట్టుకుంటే మొత్తం కథ తెలుస్తుంది.

మొదటిది 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన టిప్ ట్రయల్. ఒక కిలోకు లోపు బరువుతో పుట్టిన 1202 మంది శిశువులలో ఇండోమెథసిన్ మందును ముందు జాగ్రత్తగా ఇస్తే ఏమవుతుందని అందులో చూశారు. మెదడులో తీవ్రమైన రక్తస్రావం 13 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది; పుట్టిన తరువాత మూసుకోవలసిన రక్తనాళం తెరిచే ఉండిపోవడం 50 శాతం నుంచి 24 శాతానికి తగ్గింది. ఇక్కడితో ఆగి ఉంటే అది ఘనవిజయం. కానీ ఆ ట్రయల్‌లో ప్రధాన ఫలితాంశంగా ముందే నిర్ణయించుకున్నది రక్తస్రావం కాదు. పద్దెనిమిది నెలల వయసులో బిడ్డ బతికి ఉందా, ఉంటే నాడీ సంబంధమైన లోపం లేకుండా ఉందా అన్నది. ఆ లెక్కలో మరణం లేదా లోపం మందు ఇచ్చినవారిలో 47 శాతం, ఇవ్వనివారిలో 46 శాతం వచ్చింది. అంటే తేడా ఏమీ లేదు. స్కానింగ్‌లో కనిపించిన మేలు బిడ్డ జీవితంలోకి రాలేదు.

రెండవది క్యాప్ ట్రయల్. శ్వాస మధ్యమధ్య ఆగిపోయే నెలలు నిండని పిల్లలకు కెఫీన్ అప్పటికే చాలాకాలంగా వాడుకలో ఉన్న మందు. దాని దీర్ఘకాలిక ప్రభావం ఏమిటన్నది మాత్రం పెద్ద ఎత్తున ఎవరూ పరీక్షించలేదు. 500 నుంచి 1250 గ్రాముల బరువున్న 2006 మంది శిశువులను చేర్చుకున్నారు. తొలి వ్యాసం అచ్చయిన సంవత్సరం కూడా 2006 కావడంతో ఈ రెండు సంఖ్యలను నేను ఒకసారి అచ్చుతప్పు అనుకున్నాను. ఆ తొలి వ్యాసంలో ఆసుపత్రిలో ఉన్నప్పటి ఫలితాలు ఉన్నాయి: ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి అయిన బీపీడీ 47 శాతం నుంచి 36 శాతానికి తగ్గింది. 2007లో వచ్చిన రెండో వ్యాసంలోనే అసలు ప్రశ్నకు జవాబు వచ్చింది: పద్దెనిమిది నుంచి ఇరవైఒక్క నెలల వయసుకు మరణం లేదా వైకల్యం 46.2 శాతం నుంచి 40.2 శాతానికి, మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీ 7.3 శాతం నుంచి 4.4 శాతానికి తగ్గాయి.

టిప్‌లో మొదటి భాగం బాగుండి రెండో భాగం నిలబడలేదు, క్యాప్‌లో రెండూ నిలబడ్డాయి. కానీ ఆ బృందం అక్కడ కూడా ఆగలేదు. అయిదేళ్ల వయసులో అవే పిల్లలను మళ్లీ పరీక్షించి 2012లో ప్రచురించిన వ్యాసంలో, వైకల్యం లేకుండా బతికి ఉండడంలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా మిగలలేదని నిర్మొహమాటంగా రాశారు. పదకొండేళ్ల వయసులో మరోసారి చూసి 2017లో, మొత్తం మీద లోపాలలో తేడా లేకపోయినా కదలికలకు సంబంధించిన లోపం మాత్రం కెఫీన్ తీసుకున్నవారిలో తక్కువగా ఉందని, 27.5 శాతానికి బదులు 19.7 శాతమేనని తెలిపారు. తమ అత్యుత్తమ ఫలితం వయసుతో పాటు పలచబడుతుందేమోనని తెలిసి కూడా వెనక్కి వెళ్లి కొలిచినవారిని నమ్మవచ్చని నా అభిప్రాయం.

మూడవది 2013లో జామాలో వచ్చిన కెనడియన్ ఆక్సిజన్ ట్రయల్. 28 వారాలు నిండకముందే పుట్టిన 1201 మంది శిశువులలో రక్తంలోని ప్రాణవాయువు సంతృప్తిని 85–89 శాతం మధ్య ఉంచడం మేలా, 91–95 శాతం మధ్య ఉంచడం మేలా అన్నది ప్రశ్న. ఇది కొత్త ప్రశ్న కాదు. 1940ల నుంచి విచ్చలవిడిగా ఇచ్చిన ఆక్సిజన్ వేలమంది పిల్లల చూపును తీసిందని 1950లలో తేలినప్పటి నుంచి ఎంత ఇవ్వాలన్నది నలుగుతూనే ఉంది. పద్దెనిమిది నెలలకు మరణం లేదా వైకల్యం లెక్కలో ఈ ట్రయల్‌లో తేడా రాలేదు. అదే ప్రశ్నను అడిగిన ఇతర దేశాల ట్రయల్స్‌లో తక్కువ పరిమితి ఉన్న పిల్లల మరణాలు ఎక్కువగా కనిపించాయి. అప్పుడు ఈ బృందం తమ ఫలితాన్ని పట్టుకుని వాదించకుండా, ప్రతి బిడ్డ సమాచారాన్నీ ఉమ్మడి విశ్లేషణకు ఇచ్చింది. 2018లో వచ్చిన ఆ నియోప్రామ్ విశ్లేషణలో 4965 మంది శిశువులు ఉన్నారు. తక్కువ పరిమితిలో మరణాలు ఎక్కువని, కంటి రెటీనా వ్యాధికి చికిత్స అవసరం తక్కువని అది తేల్చింది.

ఇప్పుడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మందులు మారాయి గాని ప్రశ్న మారలేదు: పద్దెనిమిది నెలలకు ఈ బిడ్డ ఎలా ఉంది? ఒకటి విఫలమైంది, ఒకటి నెగ్గింది, ఒకటి తేడా చూపలేదు. మూడూ పెద్ద జర్నళ్లలోనే వచ్చాయి. మీరు పరిశీలిస్తున్న జాబితా ఇంత గొప్పది కానక్కరలేదు; కానీ దానిలో కూడా ఇటువంటి ఒక ప్రశ్న ఉందా, దాన్ని ఆ మనిషి ఎన్నేళ్లు మోశారు అన్నది పసిగట్టడానికి ఇదే పద్ధతి. ఏడేళ్లలో ఏడు విషయాల మీద, విషయానికి మూడేసి వ్యాసాల చొప్పున రాసి ప్రతిదాన్నీ వదిలేసిన జాబితా ఎంత పొడవుగా ఉన్నా, అందులో ప్రశ్న కన్నా అవకాశమే ఎక్కువ కనిపిస్తుంది.

వదిలేసినవాటిలో అపాయకరమైన రకం ఒకటి ఉంది. వెంటిలేటర్ మీద ఉన్న నెలలు నిండని పిల్లలకు డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ మందు ఇస్తే త్వరగా వెంటిలేటర్ నుంచి బయటపడుతున్నారని 1980లలో, 1990లలో వ్యాసాలు వరసకట్టాయి. ఆ పిల్లలు పెరిగాక పరీక్షించినప్పుడు సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా ఉందన్న వ్యాసాలు 1990ల చివరలో మొదలై, 2002లో అమెరికా, కెనడా శిశు వైద్య సంఘాలు కలిసి ఆ మందును మామూలుగా వాడవద్దని చెప్పేదాకా వెళ్లాయి. మొదటి రకం వ్యాసాలు మాత్రమే ఉన్న పరిశోధకుడు, రెండో రకం కూడా తన పిల్లల మీదే రాసిన పరిశోధకుడు ఒకే తూకానికి రారు.

రచయితల వరుసలో స్థానం

వైద్య జర్నళ్లలో మొదటి పేరు సాధారణంగా పనిని నడిపించి వ్యాసాన్ని రాసినవారిది, చివరి పేరు బృందానికి పెద్దదిక్కుగా ఉన్నవారిది. వయసు పెరిగేకొద్దీ మొదటి స్థానం నుంచి చివరి స్థానానికి జరగడం సహజమైన ఎదుగుదల. ఇరవై ఏళ్ల తరువాత కూడా ఎప్పుడూ మధ్యలోనే ఉండిపోతే ఎందుకని అడగాలి. అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదు. పైన చెప్పిన టిప్ వ్యాసాన్నే తీసుకుంటే, ష్మిట్ తరువాతి పేర్లన్నీ ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉన్నాయి. అక్కడ చివరి స్థానంలో ఉన్న పేరు అక్కడికి చేరింది పెద్దరికం వల్ల అనుకోవడానికి వీల్లేదు, అక్షరం వల్ల కావచ్చు. కాబట్టి ఏ వ్యాసాన్నైనా స్థానాన్ని బట్టి తూచే ముందు అక్షర క్రమం ఉందేమో ఒక్క క్షణం చూడాలి.

ఇప్పుడు చాలా జర్నళ్లు క్రెడిట్ అనే పద్ధతిలో పద్నాలుగు పాత్రలుగా విడదీసి ఎవరు ఏం చేశారో వ్యాసం చివరన రాస్తున్నాయి. ఆలోచన ఎవరిది, శిశువులను చేర్చుకున్నది ఎవరు, విశ్లేషణ ఎవరిది, నిధులు తెచ్చింది ఎవరు అన్నది అక్కడ తెలుస్తుంది. అయిదు వ్యాసాలలో ఈ పేరా చదివితే జాబితా మొత్తం చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. అయిదింటిలోనూ ఒకరి వాటా పర్యవేక్షణ అన్న ఒక్క మాటకే పరిమితమైతే, అది నిజమైన పర్యవేక్షణా, విభాగాధిపతికి ఇచ్చిన గౌరవ తాంబూలమా అన్నది సహరచయితలను అడిగి తెలుసుకోవలసిన సంగతి.

మొదట ఏం చెప్పారు, చివరికి ఏం రాశారు

జాబితాలో ట్రయల్స్ ఉంటే రిజిస్ట్రీని తెరవకుండా పరిశీలన పూర్తికాదు. ప్రముఖ వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ సంఘం 2005 నుంచి, మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్‌ను బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయాలని నియమం పెట్టింది. వ్యాస సారాంశం చివరన నమోదు సంఖ్య ఉంటుంది. దానితో రిజిస్ట్రీలోకి వెళ్లి నాలుగు సంగతులు సరిపోల్చాలి. నమోదు తేదీ మొదటి శిశువును చేర్చిన తేదీకి ముందా, తరువాతా? ప్రధాన ఫలితాంశంగా అప్పుడు రాసినదీ, వ్యాసంలో రాసినదీ ఒకటేనా? ఎంతమందిని చేర్చుకుంటామన్నారు, ఎంతమందిని చేర్చుకున్నారు? మధ్యలో ఆపితే కారణం చెప్పారా?

రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువ తేడాలు దొరుకుతాయి. మరణాల మీద ప్రభావం చూస్తామని నమోదు చేసి, చివరికి ఆసుపత్రిలో ఉన్న రోజుల సంఖ్య తగ్గిందని శీర్షిక పెట్టిన వ్యాసం మోసపూరితం కానక్కరలేదు, కానీ ఆ మార్పుకు వ్యాసంలో వివరణ ఉండి తీరాలి. రిజిస్ట్రీని వెనుక నుంచి కూడా చదవవచ్చు: ఆ పరిశోధకుడి పేరుతో నమోదై, ముగిసి ఏళ్లు గడిచినా ఎక్కడా అచ్చుకాని ట్రయల్స్ ఎన్ని? జాబితాలో లేనివాటిని చూపించేది ఇదొక్కటే.

ఒకే పేరు, వేరువేరు కొలతలు

నవజాత శిశు పరిశోధనలో కొత్తవారు జారిపడే చోటు ఇది. ఇందాక చెప్పిన బీపీడీ అన్న వ్యాధినే తీసుకోండి. మొదట్లో బిడ్డకు 28 రోజుల వయసులో ఆక్సిజన్ అవసరమైతే ఆ వ్యాధి ఉన్నట్టు లెక్క. 1988 తరువాత, గర్భధారణ నుంచి లెక్కిస్తే 36 వారాలు వచ్చే సమయానికి ఆక్సిజన్ మీద ఉంటేనే లెక్కలోకి తీసుకోవడం వాడుకలోకి వచ్చింది. 2001లో స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని తరగతులు వచ్చాయి. 2019లో ఆక్సిజన్ శాతాన్ని పక్కనపెట్టి, బిడ్డకు ఎలాంటి శ్వాస సహాయం అవసరమవుతోందన్న దాని మీద ఆధారపడిన నిర్వచనం వచ్చింది. ఒకే పరిశోధకుడి 1986, 2004, 2021 నాటి మూడు వ్యాసాలలో బీపీడీ శాతాలు పక్కపక్కన పెట్టి ఆయన యూనిట్ మెరుగైందనో దిగజారిందనో అంటే, గజాలనూ మీటర్లనూ కలిపి కూడినట్టే. జాగ్రత్తగల పరిశోధకుడు ప్రతి వ్యాసంలో ఏ నిర్వచనం వాడాడో పద్ధతుల విభాగంలోనే చెబుతాడు. ఆ వాక్యం లేని వ్యాసాలు ఎన్నో లెక్కపెట్టుకోండి.

బతికిన పిల్లల శాతం విషయంలో హారం ఎక్కడ మొదలైందో చూడాలి. ప్రసూతి గదిలో ప్రాణంతో పుట్టిన వారందరినీ లెక్కించారా, ఐసీయూలో చేర్చుకున్నవారిని మాత్రమేనా, మొదటి రోజు గడిచినవారినేనా? గది మారితే శాతం మారుతుంది. అదే ఆసుపత్రిలో పుట్టినవారు, బయట పుట్టి అంబులెన్సులో వచ్చినవారు కలిసి ఉన్నారా అన్నది కూడా అంతే ముఖ్యం. పెద్దయ్యాక పరీక్షించామన్న వ్యాసాలలో ఎంతమంది తిరిగి రాలేదో చూడాలి. రానివారు సాధారణంగా వచ్చినవారి లాంటివారు కారు.

ఫలితం ఎక్కడ వచ్చిందన్నది కూడా జాబితాలో భాగమే. శరీరాన్ని చల్లబరచడం ధనిక దేశాల ట్రయల్స్‌లో మేలు చేసింది; అదే చికిత్సను భారతదేశం, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఆసుపత్రులలో 408 మంది శిశువుల మీద పరీక్షించిన హెలిక్స్ ట్రయల్ 2021లో వెలువడినప్పుడు, చల్లబరచినవారిలో 42 శాతం, మామూలు సంరక్షణ పొందినవారిలో 31 శాతం మరణించారని తేలింది. ఒకచోట పుట్టిన జ్ఞానాన్ని మరోచోట మళ్లీ పరీక్షించిన వ్యాసం జాబితాలో ఉంటే, దానికి కొత్తదనం లేదని తక్కువ మార్కులు వేయకూడదు.

సైటేషన్లు, సూచికలు

వీటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ 30 అంటే, కనీసం ముప్పైసార్లు వేరే వ్యాసాలలో ఉటంకింపు (సైటేషన్) పొందిన వ్యాసాలు ముప్పై ఉన్నాయని అర్థం. అది ఎన్నటికీ తగ్గదు, వయసుతో పెరుగుతుంది, రెండు వందలమంది రచయితలలో ఒకరైనా పూర్తి లాభం చేకూరుస్తుంది. ఒకే వయసు, ఒకే శాఖ వారి మధ్య తప్ప దాన్ని పోలికకు వాడకూడదు.

పైగా ఈ శాఖలో సైటేషన్లు ఆలస్యంగా వస్తాయి. నెలలు నిండకుండా ప్రసవించబోయే తల్లికి ముందుగా స్టీరాయిడ్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు పక్వమవుతాయని లిగిన్స్, హౌవీ 282 మంది తల్లులతో చేసిన ట్రయల్‌ను 1972లో ప్రచురించారు. అది విరివిగా వాడుకలోకి రావడానికి 1990లో క్రమబద్ధ సమీక్ష, 1994లో అమెరికాలో నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన రావలసి వచ్చింది. 1980లో ఎవరైనా లిగిన్స్‌ను సైటేషన్లతో తూచి ఉంటే ఆయన విలువ తేలేది కాదు. ఎన్నిసార్లు అన్నదానికంటే ఎవరు ఉటంకించారన్నది చూడండి: ఒక వ్యాసం పుట్టగానే ఊపిరి అందించే పునరుజ్జీవన మార్గదర్శకాలలోనో, కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ చేసే క్రమబద్ధ సమీక్షలోనో చేరి ఉంటే, ఆ సమీక్ష తెరిచి దానికి పక్షపాత ప్రమాదం ఎంత ఉందని రాశారో చదవండి. ఇద్దరు స్వతంత్ర పరిశీలకులు ఆ పని మీకు ముందే ఉచితంగా చేసిపెట్టారు.

ఉపసంహరించిన వ్యాసాలు ఉన్నాయేమో రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో ఒకసారి వెతకాలి. ఉంటే నోటీసు పూర్తిగా చదవాలి. తప్పును తానే కనిపెట్టి జర్నల్‌కు రాసిన పరిశోధకుడూ, సమాచారం చూపించలేక ఉపసంహరణకు గురైన పరిశోధకుడూ ఆ జాబితాలో ఒకే వరుసలో కనిపిస్తారు.

చివరగా, చూసినదాన్ని అరపేజీలో రాసుకోవాలి. ఆ పరిశోధకుడు మోస్తున్న ప్రశ్న ఒక వాక్యంలో, ఆ ప్రశ్నకు ఆయన ముందుండి నడిపిన పనులు రెండు మూడు వాక్యాలలో, తన అంచనాకు విరుద్ధంగా వచ్చినా ప్రచురించిన ఫలితం ఒకటి, నమోదై అచ్చుకానిది ఏదైనా ఉంటే అది. ఈ కాగితంలో సంఖ్యల వరుస రాయనక్కరలేదు. ఆ తరువాత ముఖాముఖికి అవకాశం ఉంటే ఒకే ప్రశ్న అడగండి: మీ మొదటి అధ్యయనంలోని పిల్లలకు ఇప్పుడు ఎన్నేళ్లు, వాళ్లు ఎలా ఉన్నారు? కొందరు వెంటనే వయసు చెప్పి, ఎంతమంది ఆచూకీ దొరకలేదో కూడా చెబుతారు. కొందరు మరో వ్యాసం పేరు చెబుతారు. ఏ జవాబు వచ్చిందో అరపేజీ అడుగున రాసి, తేదీ వేసి, జాబితాకు జతచేయండి.